స్వామి జ్ఞానానంద

పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరమునకు సమీపమున గొరగనమూడి అను పల్లె కలదు. చుట్టును వరిచేలు, పంటకాలువలు, కొబ్బరితోటలు. డెల్టా ప్రాంతపు గ్రామములను ఒకదానినుండి మరియొకదానిని వేరుగా గుర్తించుట క్రొత్తవారికి కష్టము. ఆ గ్రామమున భూపతిరాజువారి యింట 1896వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన ఒక శిశువు జన్మించెను. తల్లిదండ్రులు ఆ బిడ్డకు లక్ష్మీనరసింహరాజు అని పేరిడిరి. ఆ బాలుడే పెద్దవాడై స్వామి జ్ఞానానంద అను పేర ప్రసిద్ధి గాంచెను. మన దేశమున ఇల్లు విడిచి సన్న్యసించినవారు ఎందరో కలరు. విదేశములకేగి భౌతికశాస్త్రము నేర్చి వచ్చినవారును కలరు. ఆ రెంటిని ఒకే జీవితమున సాధించినవారు మాత్రము మిక్కిలి అరుదు.

ఆయన పుట్టుటకు సుమారు పదమూడు నెలల ముందు, జర్మనీ దేశమందలి వుర్ట్స్‌బుర్గు నగరమున ఒక వింత జరిగెను. 1895 నవంబరు 8వ తేదీ సాయంకాలము విల్‌హెల్మ్ రాంట్జెన్ అను ఆచార్యుడు, గాలిని తీసివేసిన గాజుగొట్టములోనికి విద్యుత్తును పంపి ప్రయోగములు చేయుచుండెను. గొట్టమును నల్లని అట్టతో పూర్తిగా కప్పియుంచెను. ఐనను కొంత దూరముననున్న రసాయనము పూసిన తెర ఒకటి చీకటిలో మెరయసాగెను. గొట్టమునుండి కంటికి కనబడని కిరణము లేవో వెలువడి, అట్టను దాటి వచ్చుచున్నవని ఆయన గ్రహించెను. గణితమున తెలియని రాశిని ఎక్స్ అను అక్షరముతో సూచించుట వాడుక. వాటి స్వభావము తెలియలేదు కావున వాటికి ఎక్స్ కిరణములని పేరు పెట్టెను. ఆ కిరణముల సాయముతో ఆయన తన భార్య చేతిని ఛాయాచిత్రముగా తీయగా, ఎముకలును, వ్రేలి ఉంగరమును మాత్రము స్పష్టముగా కనబడెను. 1901లో మొట్టమొదటి నోబెల్ భౌతికశాస్త్ర బహుమానము రాంట్జెన్‌కే లభించెను. గోదావరి డెల్టాలో ఊయలయందున్న పసివానికిని ఈ కిరణములకును అప్పుడు సంబంధమేమియు లేదు. ఆ సంబంధము కలుగుటకు ముప్పది యేండ్లకు పైగా పట్టెను.

నరసింహరాజు తండ్రి ప్రాచీన గ్రంథములయందు ప్రీతి గలవాడు. వారి యింట మంచి పుస్తక భాండాగార ముండెడిది. బాలుడు నరసాపురమున టేలరు ఉన్నత పాఠశాలలో చదివెను. పాఠశాలలో నేర్పిన చదువుకంటె ఇంటిలోని వేదాంత గ్రంథములే అతనిని ఎక్కువగా ఆకర్షించెను. యౌవనము వచ్చునప్పటికి ఆ ఆకర్షణ మరింత బలపడెను. ఒకనాడతడు ఇల్లు విడిచి ఉత్తరదేశమునకు పోయెను. సన్న్యసించి జ్ఞానానంద నామమును స్వీకరించెను. హిమాలయ ప్రాంతములందు దాదాపు పదేండ్లపాటు యోగసాధనలో గడపెను. కలిగిన కుటుంబమునుండి వచ్చినవాడు చలికొండలలో పదేండ్లు గడపుట సామాన్యమైన పని కాదు.

జ్ఞానానందులు సూత్రరూపమున ఒక గ్రంథమును రచించిరి. దానికి పూర్ణ సూత్రములని పేరు. 1927 ప్రాంతమున వారు జర్మనీకి ప్రయాణమైరి. ఆ కాలమున జర్మనీలో సంస్కృతమును, భారతీయ దర్శనములను శ్రద్ధతో చదువు పండితులు పెక్కుమంది యుండిరి. తమ గ్రంథమును అచట ప్రకటింపవలెనని వారి సంకల్పము. డ్రెస్‌డెన్ నగరమున వారు యోగమును గూర్చి ఉపన్యాసము లిచ్చుచుండిరి. శ్రోతలు గౌరవముతో వినుచుండిరి. ఆ మార్గమున సాగిపోయినచో, ఐరోపాలో శిష్యులను, ఆశ్రమమును, పేరును సంపాదించుకొనుటకు అవకాశము లేకపోలేదు. అట్లు సంపాదించుకొన్నవారు ఆ కాలమున ఉన్నారు.

కాని జర్మనీలో అవి ఎట్టి దినములో మనము జ్ఞప్తియం దుంచుకొనవలెను. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతము పండితులనే గాక పత్రికలు చదువు సామాన్యులను గూడ కదలించిన కాలమది. దేశము, కాలము, ద్రవ్యము, శక్తి — వీటిని గూర్చి మన దర్శనములు ఎన్నియో శతాబ్దములుగా చర్చించుచునే యున్నవి. అవే పదములను గణిత సమీకరణములతోను, కొలతలతోను పట్టిచూపు విద్య యొకటి కలదని వినినప్పుడు జ్ఞానానందుల మనస్సు దానివైపు మరలెను. దూరమునుండి విని మెచ్చుకొనుటతో వారు తృప్తి చెందలేదు. డ్రెస్‌డెన్ సాంకేతిక విద్యాలయమున చేరి గణితమును, భౌతికశాస్త్రమును మొదటినుండి చదువ నారంభించిరి.

ఈ నిర్ణయమును తేలికగా తలంపరాదు. వారి వయస్సు అప్పటికి ముప్పది దాటెను. ప్రక్కన కూర్చున్న విద్యార్థులు ఇరువది యేండ్లవారు. బోధన జర్మను భాషలో సాగును. సాయంకాల సభలో గురువుగా గౌరవము పొందువాడు ప్రొద్దున తరగతిలో చిన్న లెక్క రాక తల గోకికొనవలసి వచ్చును. మొదట ఇల్లు విడుచుట ఒక త్యాగమైనచో, గురుపీఠము విడిచి బల్లమీద విద్యార్థిగా కూర్చుండుట రెండవ త్యాగము. ఆ రెంటిలో రెండవదే కష్టమైనదని తోచును. ఏలయనగా ఇల్లు విడిచినవారిని లోకము మెచ్చుకొనును, ముప్పది యేండ్లు దాటి ఎక్కములు దిద్దువానిని చూచి నవ్వును.

డ్రెస్‌డెన్‌లో చదువు ముగించి జ్ఞానానందులు చెకొస్లొవేకియా రాజధానియగు ప్రాగు నగరమునకు వెళ్ళిరి. అచటి చార్లెస్ విశ్వవిద్యాలయము 1348లో స్థాపితమైనది. మధ్య ఐరోపాలో అంతటి ప్రాచీన విద్యాలయము మరియొకటి లేదు. అందు వాచ్లావ్ డోలెయ్‌షెక్ అను ఆచార్యుడు ఎక్స్ కిరణ వర్ణపట శాస్త్రమును బోధించుచు పరిశోధనలు నడపుచుండెను. ఈయన జ్ఞానానందులకంటె ఒక్క సంవత్సరమే పెద్ద. స్వీడను దేశమున మాన్నె జీగ్‌బాన్ అను మహాశాస్త్రజ్ఞుని యొద్ద పనిచేసి, 1922లో యురేనియము, థోరియము, బిస్మతు అను బరువైన మూలకముల ఎక్స్ కిరణములలో అంతకు ముందెవ్వరును చూడని గీతల వరుస నొకదానిని కనుగొనినవాడు.

గీతలనగా నేమి? దీనిని కొంచెము వివరముగా తెలిసికొనుట అవసరము. సూర్యకాంతి గాజు పట్టకము గుండ పోవునప్పుడు ఏడు రంగులుగా విడిపోవునని విద్యార్థు లెరుగుదురు. ఎక్స్ కిరణములు గూడ కాంతివంటివే. కాని వాటి తరంగదైర్ఘ్యము మిక్కిలి చిన్నది. సెంటీమీటరును పది కోట్ల భాగములు చేయగా వచ్చు ఒక భాగమునకు ఆంగ్‌స్ట్రామని పేరు. ఎక్స్ కిరణముల తరంగదైర్ఘ్యమును ఈ కొలతతోనే చెప్పుదురు. గాజు పట్టకము వాటిని విడదీయజాలదు. 1912లో మాక్స్ ఫాన్ లావే అను జర్మను శాస్త్రజ్ఞుడు ఒక ఉపాయము చూపెను. స్ఫటికములలో పరమాణువులు, తాడు పట్టి నాటిన కొబ్బరిమొక్కలవలె, వరుసలు తప్పక అమరియుండును. ఆ వరుసల నడిమి ఎడము ఎక్స్ కిరణ తరంగములకు సరిపోవునంత చిన్నది. కావున స్ఫటికమే వాటికి పట్టకము కాగలదు. ఇంగ్లండున విలియం బ్రాగ్, ఆయన కుమారుడు లారెన్స్ బ్రాగ్ ఈ ఉపాయమును సరళమైన సూత్రముగా రూపొందించిరి. స్ఫటికముపై కిరణము ఏ కోణమున పడి పరావర్తనము చెందునో కొలిచినచో, దాని తరంగదైర్ఘ్యము తెలియును.

ఈ విధముగా విడదీసిన కిరణములను ఛాయాచిత్ర ఫలకముపై పడనిచ్చినప్పుడు సన్నని నల్లని గీత లేర్పడును. వైద్యశాలలో తీయు ఎక్స్ కిరణ చిత్రమున ఎముక కనబడును. ఇందు ఎముక లేదు, రూపము లేదు, గీతలు మాత్రమే యుండును. కాని ఆ గీతలను చదువ నేర్చినవారికి అవి గొప్ప విషయములను తెల్పును. రాగి పంపు కిరణములకు రాగి గీతలు, ఇనుము పంపు కిరణములకు ఇనుప గీతలు ఉండును. ఒకదాని గీతలు మరియొకదానికి రావు. హెన్రీ మోస్‌లీ అను ఆంగ్ల యువకుడు 1913లో ఈ గీతల స్థానములను కొలిచి, మూలకములకు వరుససంఖ్య లెట్లు వచ్చునో నిరూపించెను. రెండేండ్లకే ఆయన మొదటి ప్రపంచ యుద్ధమున గల్లిపోలి యొద్ద మరణించెను. అప్పటికి ఇరువది యేడేండ్లు.

ఇక యంత్రము సంగతి. గీతలను ముద్రించు ఈ సాధనమునకు వర్ణపట లేఖిని అని పేరు. ఒక గొట్టములో వేడెక్కిన తీగనుండి ఎలక్ట్రానులు వెలువడి, అధిక విద్యుత్పీడనముచే పరుగెత్తి, ఎదుటనున్న లోహఖండమును తాకును. అచట ఎక్స్ కిరణములు పుట్టును. అవి సన్నని చీలికగుండ దూరి, స్ఫటికముపై పడి, ఫలకమును చేరును. చెప్పుటకు ఇంత సులభముగా నున్నదేకాని, దీనిని నిర్మించువానికి అడుగడుగున ఒక శత్రువు ఎదురగును. ఆ శత్రువు గాలి.

గొట్టములో గాలి యుండినచో ఎలక్ట్రానులు దాని అణువులను కొట్టుకొని దారి తప్పును. దీర్ఘ తరంగములు గల మృదువైన ఎక్స్ కిరణములైతే గొట్టము వెలుపల గూడ గాలిని సహింపవు. పది ఆంగ్‌స్ట్రాముల కిరణము ఒక్క అంగుళము మందము గల గాలిలోనే దాదాపు పూర్తిగా ఇంకిపోవును. కావున గొట్టమునుండి ఫలకము వరకు యంత్రమంతయు శూన్యమున నుండవలెను. నక్షత్రములనుండి వచ్చు ఎక్స్ కిరణములు మనకు నేలమీద అందకపోవుటకును ఇదే కారణము. అందుచేతనే భారత శాస్త్రజ్ఞులు వాటిని గ్రహించు పరికరములను ఆకాశమునకు పంపవలసి వచ్చెను. పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ వెలసిన శ్రీహరికోట నుండి 2015 సెప్టెంబరు 28న ఆస్ట్రోశాట్ అను ఉపగ్రహమును, 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్ అను ఉపగ్రహమును రాకెట్లపై పంపిరి. మొదటిదానిలో మృదు ఎక్స్ కిరణముల దూరదర్శిని గలదు. రెండవదానిలో ఎక్స్ కిరణ వర్ణపటమును గ్రహించు పరికరము గలదు. ఆరువందల యేబది కిలోమీటర్ల ఎత్తున శూన్యము ప్రకృతియే సిద్ధము చేసి యుంచినది. 1930లలో ప్రాగు నగరపు ప్రయోగశాలలో కూర్చున్నవారు ఆ శూన్యమును చేతులతో తయారు చేసికొనవలసి యుండెను.

ఆ తయారీ ఎట్టిదో చూతము. మన చుట్టునున్న గాలి పీడనము 760 మిల్లీమీటర్ల పాదరస స్తంభమును నిలుపగలదు. ఎక్స్ కిరణ యంత్రములో పీడనమును మిల్లీమీటరులో లక్షవ వంతునకు దింపవలెను. అనగా బయటి గాలిలో ఏడు కోట్ల అరువది లక్షలవ వంతు మాత్రమే మిగులవలెను. మొదట నూనెపంపు గాలిలో పెద్దభాగమును లాగివేయును. పిదప పాదరస ఆవిరితో పనిచేయు పంపు మిగిలిన అణువులను తరిమివేయును. ఆ పాదరసపు ఆవిరియే తిరిగి యంత్రములోనికి రాకుండ దారిలో ద్రవరూపమగు గాలితో చల్లబరచిన గాజు బుడ్డిని అమర్చుదురు. ఇవన్నియు చేసినను శూన్యము నిలువదు. గాజునకును లోహమునకును అతుకు పెట్టినచోట కంటికి కనబడని కన్నము లుండును. గాజు లోపలి గోడలే తాము పీల్చుకొనిన తేమను, వాయువులను మెల్లమెల్లగా విడుచుచుండును. కావున గాజును గంటల తరబడి వేడిచేయవలెను. అతుకుల మీద మైనము పూయవలెను. కన్నము దొరకనప్పుడు విద్యుత్ స్ఫులింగమును గాజుమీద మెల్లగా నడపినచో, కన్నమున్నచోట అది లోపలికి దూకి జాడ తెల్పును. దొరికిన కన్నమును మూసినంతనే మరియొకటి బయటపడుటయు కలదు. రెండువారముల శ్రమ ఒక్క వెండ్రుకవంటి పగులువలన వ్యర్థము కావచ్చును.

స్ఫటికము విషయమునను ఇట్టి జాగ్రత్తయే కావలెను. అతి మృదువైన కిరణములకు, వరుసల నడుమ ఎడము ఎక్కువగా నున్న స్ఫటికము కావలసి యుండును. అట్టివాటిలో అభ్రకమొకటి, దాని పొరల నడిమి ఎడము సుమారు పది ఆంగ్‌స్ట్రాములు. గూడూరు, రాపూరు ప్రాంతముల గనులనుండి తీసిన నెల్లూరు అభ్రకము ఆ కాలమున ఓడలకెక్కి పడమటి దేశములకు ఎగుమతి యగుచుండెడిది. పలుచని పొరలుగా చీలుట, పగులక వంగుట అను గుణములచే అభ్రకమును వంచి అమర్చిన వర్ణపట లేఖినులు 1930లలో పెక్కుచోట్ల వాడుకలోనికి వచ్చెను. స్ఫటికమును ఏ కోణమున నిలిపిరో, ఆ కోణము డిగ్రీలో అతిసూక్ష్మ భాగము వరకు తెలియవలెను. గదిలో వేడి పెరిగినచో స్ఫటికము వ్యాకోచించి గీత జరుగును. అంతయు సరిగా కుదిరిన తరువాత ఫలకమును గంటల కొలది కిరణములకు ఎదురుగా ఉంచి, కడిగి, ఆరబెట్టి, సూక్ష్మదర్శిని క్రింద గీతల నడిమి దూరమును మరల మరల కొలువవలెను.

జ్ఞానానందులు ఈ విద్యయందు చేరినది ఇట్టి కాలమున, ఇట్టి ప్రయోగశాలలో. ఉన్నత శూన్యమును సాధించుటయందును, ఎక్స్ కిరణ వర్ణపటములను నిశితముగా కొలుచుటయందును వారు గొప్ప నైపుణ్యము గడించిరి. పంపులు బిగించుట, గాజు అతుకుట, కన్నములు వెదకుట — ఇవి పండితుల పనులు కావని మన దేశమున కొందరు తలంచుచుండిన దినములవి. ఆ భావము తప్పని చెప్పుటకు ఉపన్యాసములు అక్కర లేదు. గుహలలో నిశ్చలముగా కూర్చుండ నేర్చినవారికి, శూన్యము నిలుచు వరకు పంపుదగ్గర మేలుకొని కూర్చుండుట అంత క్రొత్త సాధన కాకపోవచ్చును. 1936లో చార్లెస్ విశ్వవిద్యాలయము వారికి డాక్టరు పట్టము నొసంగెను. అప్పటికి వారి వయస్సు నలువదికి చేరువ.

ఆ పిమ్మట ప్రాగు నగరమునకు చెడుదినములు వచ్చెను. 1939 మార్చిలో హిట్లరు సేనలు ఆ నగరమును ఆక్రమించినవి. ఆ సంవత్సరమే నవంబరు 17న చెక్ విశ్వవిద్యాలయములనన్నింటిని నాజీలు మూసివేసిరి. డోలెయ్‌షెక్ ఆచార్యుడు జర్మను రహస్య రక్షకభటులచే బంధింపబడి, టెరెజీన్ కోటలోని చెరసాలలో 1945 జనవరిలో మరణించెను. యుద్ధము ముగియుటకు అప్పటికి కొద్ది నెలలే మిగిలియుండెను. ఎక్స్ కిరణములతో మూలకముల రహస్యములను వెలికితీసిన మోస్‌లీ ఒక యుద్ధమునకును, డోలెయ్‌షెక్ మరియొక యుద్ధమునకును బలియైరి. ఆ ప్రయోగశాలలో శిక్షణ పొందిన తెలుగువాడు మాత్రము తాను నేర్చిన విద్యతో అప్పటికే ఇంగ్లండును చేరి యుండెను.

ఇంగ్లండున లివర్‌పూల్ విశ్వవిద్యాలయమున జేమ్స్ చాడ్విక్ ఆచార్యుడుగా నుండెను. 1932లో న్యూట్రానును కనుగొని, 1935లో నోబెల్ బహుమానము పొందిన మహనీయు డాయన. జ్ఞానానందులు అచట బీటా కిరణములను పరిశోధించిరి. రేడియో ధార్మిక పదార్థముల పరమాణు కేంద్రకములనుండి వెలువడు ఎలక్ట్రానులే బీటా కిరణములు. అయస్కాంతముచే వాటిని వంచినచో వేగమునుబట్టి అవి వేరువేరు చోట్ల పడును. అదియు ఒక వర్ణపటమే. స్ఫటికమునకు మారుగా అయస్కాంతము వచ్చినదికాని, చీలిక, శూన్యము, ఓర్పు మాత్రము మారలేదు. ప్రాగులో చేయి తిరిగిన పని లివర్‌పూల్‌లో అక్కరకు వచ్చెను. ఈ పరిశోధనకు గాను ఆ విశ్వవిద్యాలయము వారికి మరియొక డాక్టరు పట్టము నిచ్చెను. యుద్ధకాలమున లివర్‌పూల్ రేవు పట్టణముపై శత్రు విమానములు బాంబులు కురిపించెను. 1941 మే నెలలో వరుసగా ఎన్నో రాత్రులు ఆ నగరము మండెను.

అటుపిమ్మట వారు అమెరికా వెళ్ళి మిచిగన్ విశ్వవిద్యాలయమున రేడియో ధార్మిక పదార్థములపై పరిశోధనలు సాగించిరి. 1947లో న్యూయార్కు నగరమున వాన్ నోస్ట్రాండు ప్రచురణ సంస్థ వారి ఆంగ్ల గ్రంథమును ముద్రించెను. దాని పేరు హై వాక్యువా; ఉన్నత శూన్యమని అర్థము. శూన్యపు మూలసూత్రములు, దానిని కల్పించు విధము, దానిని కొలుచు విధము అందలి విషయములు. ఇరువది యేండ్ల క్రిందట సూత్రగ్రంథమును చేతబట్టుకొని ఐరోపాలో దిగిన యోగి, పంపులను గూర్చియు పీడన మాపకములను గూర్చియు పెద్ద గ్రంథమును వ్రాసి తిరిగివచ్చెను. ఈ రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన నుంచి చూచినవారికి ఆ జీవితపు విస్తృతి కొంత తెలియును.

స్వాతంత్ర్యము సిద్ధించిన కాలమున జ్ఞానానందులు మాతృదేశమునకు మరలివచ్చిరి. క్రొత్తగా ఏర్పడిన ప్రభుత్వము శాస్త్ర పరిశోధనశాలలను స్థాపించుచుండెను. ఢిల్లీలోని జాతీయ భౌతికశాస్త్ర ప్రయోగశాల వాటిలో నొకటి. 1947 జనవరిలో జవహర్‌లాల్ నెహ్రూ దానికి శంకుస్థాపన చేసెను. 1950 జనవరిలో సర్దార్ పటేల్ ప్రారంభోత్సవము చేసెను. కె. ఎస్. కృష్ణన్ దానికి ప్రథమ నిర్దేశకుడు. అట్టి సంస్థకు పరికరములను స్వయముగా నిర్మింప నేర్చినవారి అవసరము ఎంత యుండునో ఊహింపవచ్చును. జ్ఞానానందులు అందు శాస్త్రాధికారిగా పనిచేసిరి.

1954లో వారు తెలుగునాటికి వచ్చిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు అప్పుడు డాక్టరు వి. ఎస్. కృష్ణ ఉపాధ్యక్షుడు. వాల్తేరులో అణుభౌతిక శాస్త్రమునకు పీఠము నెలకొల్పవలెనని ఆయన కోరిక. జ్ఞానానందులను ఆహ్వానింపగా వారు సమ్మతించిరి. వయస్సు ఏబదియేడు, సామాన్యముగ ఉద్యోగులు విశ్రాంతికి ఎదురుచూచు వయస్సది. చేయవలసినదో, ఒక క్రొత్త శాఖను పునాదినుండి కట్టుట. విదేశములనుండి పరికరము తెప్పింపవలెనన్న విదేశ ద్రవ్యము చాలని దినములవి. కొన్నింటిని కొనుట, కొన్నింటిని ఇచటనే చేయుట, చేయువారిని తయారు చేయుట అన్నియు ఒకేసారి జరుగవలెను. వారి ఆధ్వర్యమున అణుభౌతిక శాస్త్రము ప్రత్యేక శాఖగా రూపొందెను. విశాఖపట్టణమునుండి అణుకేంద్రక పరిశోధనలు దేశ విదేశముల పత్రికలలో వెలువడసాగెను. తెలుగు పల్లెలనుండి వచ్చిన విద్యార్థులు, తమ ఊరివంటి ఊరినుండియే హిమాలయముల మీదుగా ప్రాగు, లివర్‌పూల్ చుట్టివచ్చిన ఆచార్యుని యొద్ద బీటా కిరణములను కొలుచుట నేర్చిరి.

1965లో వారు శాఖాధ్యక్ష పదవినుండి విరమించిరి. 1969 సెప్టెంబరు 21వ తేదీన, డెబ్బదిరెండేండ్ల ప్రాయమున దేహము చాలించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమున అణు పరిశోధన జరుగు ప్రయోగశాలలకు స్వామి జ్ఞానానంద ప్రయోగశాలలని పేరు పెట్టబడెను.